పాత ఇంగ్లిష్ డబుల్ రైఫిల్, దాని పెట్టె, సామగ్రి: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత జమీందారీ ఇళ్లలో, మ్యూజియం అద్దాల వెనక, విదేశీ వేలం కేటలాగుల్లో కనిపించే జోడు గొట్టాల ఇంగ్లిష్ రైఫిళ్ల గురించి తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. దాదాపు 1850 నుంచి 1914 వరకు తయారైన వాటి గురించే ఇక్కడ రాశాం. చట్టం గురించి రాసింది దారి తెలియడానికి మాత్రమే. మీ ఇంట్లో నిజంగా అలాంటిది ఉంటే లాయరును గానీ లైసెన్స్ ఇచ్చే అధికారిని గానీ అడగండి.

డబుల్ రైఫిల్ అంటే మన ఊళ్లో చూసే డబుల్ బ్యారెలేనా?

కాదు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా అంతా గొట్టం లోపల ఉంది. మామూలు డబుల్ బ్యారెల్ షాట్‌గన్‌లో గొట్టాలు నున్నగా ఉంటాయి. పిట్టలు, కుందేళ్ల మీదికి చిన్న గుళ్లు వెదజల్లడం దాని పని. రైఫిల్ గొట్టంలో మెలి తిరిగిన గాడులు ఉంటాయి. ఒక్కటే బరువైన గుండు, తనచుట్టూ తాను తిరుగుతూ తిన్నగా వెళ్తుంది. చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది: రైఫిల్ గొట్టం గోడలు మందం, బరువు ఎక్కువ. దాని పైన గురి చూసే చిన్న ఇనుప రేకులు కూడా ఉంటాయి.

ఒక గొట్టం చాలదా? రెండెందుకు?

పులి మీదికి దూకినప్పుడు మొదటి తూటా పేలకపోతే రెండోది ఉండాలి. డబుల్ రైఫిల్‌లో రెండు గొట్టాలకీ రెండు లాక్‌లు (పేల్చే యంత్రాలు), రెండు స్ప్రింగులు, రెండు ట్రిగ్గర్లు వేర్వేరుగా ఉంటాయి. ఒకవైపు స్ప్రింగు విరిగినా రెండోవైపు పేలుతుంది. రెండో దెబ్బకి బోల్టు లాగాల్సిన పని లేదు, భుజం మీదినుంచి దించాల్సిన పని లేదు, వేలు వెనక ట్రిగ్గర్ మీదికి జరిపితే చాలు. మామూలుగా ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, వెనకది ఎడమ గొట్టానిది. తర్వాత మేగజీన్ రైఫిళ్లు చవకగా వచ్చినా, ఏనుగుల వేటకి వెళ్లేవాళ్లు చాలాకాలం డబుల్‌ని వదల్లేదు.

మాది లోపలంతా నున్నగా ఉంది, మూతి దగ్గర రెండు మూడు అంగుళాలు మాత్రం గాడులు ఉన్నాయి. చెడిపోయిందా?

చెడిపోలేదు. అది బహుశా ‘పారడాక్స్’ రకం. కల్నల్ జార్జ్ ఫాస్‌బరీ 1885లో పేటెంట్ తీసుకున్న పద్ధతి అది. హాలండ్ అండ్ హాలండ్ దాన్ని తయారుచేసి అమ్మింది. అదే గొట్టంతో పిట్టలనీ కొట్టొచ్చు, దగ్గరి దూరంలో పెద్ద జంతువు మీదికి బరువైన గుండూ వదలొచ్చు. ఒకే తుపాకీ మోసుకెళ్లే అధికారులకి ఇది బాగా నచ్చింది. వేరే కంపెనీలు వేరే పేర్లతో ఇలాంటివే చేశాయి. ఒక గొట్టం గాడులది, ఒకటి నున్నది ఉంటే అది ఇంకో రకం, దాన్ని కేప్ గన్ అంటారు.

‘రెగ్యులేషన్’ అని వేలం కేటలాగుల్లో పదే పదే రాస్తారు. ఏమిటది?

ఈ తుపాకీల గుట్టంతా ఇక్కడే ఉంది. కాబట్టి ఈ జవాబు కొంచెం పొడుగు.

రెండు గొట్టాలనీ సమాంతరంగా అతికిస్తే గుళ్లు కూడా పక్కపక్కనే వెళ్లి ఒకే చోట తగులుతాయని అనిపిస్తుంది. తగలవు. కుడి గొట్టం పేలితే తుపాకీ వెనక్కి తన్నడంతో పాటు కుడివైపుకీ కొంచెం తిరుగుతుంది. ఎడమది పేలితే ఎడమవైపుకి తిరుగుతుంది. గుండు గొట్టాన్ని వదలకముందే ఈ కదలిక మొదలవుతుంది. కాబట్టి సమాంతర గొట్టాలనుంచి గుళ్లు ఒకదానికొకటి దూరంగా పోతాయి. దీనికి విరుగుడుగా గొట్టాల మూతుల్ని ఒకదానివైపు ఒకటి కొద్దిగా వాల్చి అతికిస్తారు. ఎంత వాల్చాలన్నది లెక్కగట్టి తేల్చేది కాదు. పనివాడు మూతుల మధ్య చిన్న చీల (ఒకవైపు సన్నగా ఉండే ముక్క) పెట్టి, పేల్చి చూసి, అతుకు కరిగించి, చీలను కాస్త జరిపి, మళ్లీ పేల్చి చూస్తాడు. రెండు గొట్టాల గుళ్లూ ఒకే గుంపుగా పడేదాకా ఇదే పని. రెగ్యులేటర్ అనే ఈ పనివాడికి లండన్, బర్మింగ్‌హామ్ కార్ఖానాల్లో ఎంతో గౌరవం ఉండేది. తుపాకీ మీద చెక్కిన పులి బొమ్మ కంటే ఇతని పని ఖరీదైనదని నా అభిప్రాయం.

ఈ పొందిక ఒక్క రకం తూటాకే కుదురుతుంది: ఫలానా బరువు గుండు, ఫలానా రకం మందు, ఇంత మందు. మందు తగ్గించి గుండు నెమ్మదిగా పోయేలా చేస్తే, అది గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, ఆలోపు తుపాకీ ఎక్కువ తిరుగుతుంది, గుళ్లు విడిపోతాయి. వేగం పెంచితే గుళ్లు ఒకదాన్నొకటి దాటి అటువి ఇటు పడతాయి. అందుకే ఎంత మందు, ఎంత గుండు అన్న వివరం తెలియకపోతే మంచి డబుల్ రైఫిల్ కూడా అక్కరకు రాదు. ఆ వివరం ఎక్కడ దొరుకుతుందో తెలుసా? ఒక్కోసారి గొట్టాల అడుగున, ఎక్కువసార్లు పెట్టె మూతలోపల అతికించిన కాగితం మీద.

.450, .577, 8 బోర్... ఈ అంకెలేమిటి?

రెండు పద్ధతులున్నాయి. బోర్ అన్నది పాతది. గొట్టానికి సరిపోయే గుండ్రటి సీసపు గుళ్లు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో ఆ అంకె. 12 బోర్ గుండు సుమారు 38 గ్రాములు, 8 బోర్‌ది 57, 4 బోర్‌ది 113 గ్రాములు. 4 బోర్ రైఫిల్ పది కిలోల దాకా తూగేది. మోయడానికి వేటగాడి వెనక వేరే మనిషి నడవాల్సిందే.

రెండోది అంగుళాల్లో చెప్పడం. .450 అంటే అంగుళంలో వెయ్యికి 450 వంతులు. 1850ల్లో జేమ్స్ పర్డీ తేలికపాటి గుండు, ఎక్కువ మందుతో వేగంగా పోయే రైఫిల్ చేసి దాన్ని ఎక్స్‌ప్రెస్ రైలుతో పోల్చాడు. అక్కడినుంచి ‘ఎక్స్‌ప్రెస్’ అన్నది రకం పేరైంది. అవన్నీ పొగ వచ్చే పాత మందు, అంటే బ్లాక్ పౌడర్‌వి. 1898లో జాన్ రిగ్బీ పొగరాని కార్డైట్ మందుతో .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చాడు. 480 గ్రెయిన్ల (సుమారు 31 గ్రాముల) గుండు సెకనుకి సుమారు 2150 అడుగుల వేగంతో పోతుంది. ఏనుగుల వేటే మారిపోయింది.

ఇక్కడ మన దేశం కథలోకి వస్తుంది. 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోకి .450 తుపాకీలూ తూటాలూ రానివ్వకుండా ఆపింది. సైన్యం పాత మార్టీనీ-హెన్రీల గొట్టం కూడా ఆ కొలతదే. వేటగాళ్ల తూటాల గుళ్లు తిరుగుబాటుదార్ల చేతికి చిక్కితే వాటిలో వాడతారని భయం. ఇండియా పెద్ద గిరాకీ కాబట్టి లండన్ కంపెనీలు హడావుడిగా పక్క కొలతలు వెతుక్కున్నాయి. హాలండ్ .500/465 తెచ్చింది. .470, .475, .476 లాంటివి చెలామణిలోకి వచ్చాయి. ఈనాటికీ .470 ఎక్కువగా కనిపించడానికి ఇదో కారణం.

ఎవరు చేసినవి మంచివి?

వరుస ర్యాంకులు ఇవ్వడం నాకిష్టం లేదు. పేర్లు చెప్తాను: లండన్‌లో పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, బాస్. డబ్లిన్‌లో పుట్టి లండన్ చేరిన రిగ్బీ. బర్మింగ్‌హామ్‌లో వెస్ట్లీ రిచర్డ్స్, గ్రీనర్. ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ హెన్రీ. అతను స్కాట్లండ్ వాడు, అయినా అందరూ ఇంగ్లిష్ తుపాకీల్లోనే కలిపేస్తారు. బాక్స్‌లాక్ పద్ధతి (లాక్ అంతా తుపాకీ ఇనుప పెట్టె లోపలే ఉండేది) 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ మనుషులు యాన్సన్, డీలీ పేటెంట్ చేసిందే. తక్కువ భాగాలతో గట్టిగా ఉంటుంది, ప్రపంచమంతా దాన్నే అనుసరించింది.

ఇండియాలో దొరికే వాటి మీద తరచూ కలకత్తా పేర్లు ఉంటాయి: మ్యాంటన్, రొడ్డా, లయన్ అండ్ లయన్. మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాల్లో, మద్రాసు మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్ పేరు కనిపించవచ్చు. గడియారాలకి పేరున్న దుకాణం అది. ఇలాంటి తుపాకీల్లో చాలావాటిని బర్మింగ్‌హామ్‌లో చేయించి ఇక్కడి దుకాణం పేరు చెక్కించేవాళ్లు. అంతమాత్రాన నాసిరకం అనుకోకండి.

పెట్టెలో ఏమేం ఉండాలి?

తుపాకీ వయసుని బట్టి మారుతుంది.

మూతినుంచి మందు దట్టించే పాత రకం అయితే సామాను ఎక్కువ: రాగి లేదా తోలు మందు ఫ్లాస్క్ (దీని మీద షెఫీల్డ్‌లోని జేమ్స్ డిక్సన్ లేదా హాక్స్లీ పేరు ఉండొచ్చు), గుండు పోసుకునే అచ్చు, నిపిల్ (క్యాపు తొడిగే చిన్న మొన) విప్పే తాళం, క్యాపుల (మందుని అంటించే చిన్న రేకు టోపీల) డబ్బా, గుండుకి చుట్టే గుడ్డముక్కలు, దట్టించే కర్ర, గుండుని గొట్టంలోకి తోసే సుత్తి లాంటి పనిముట్టు. ఎలీ కంపెనీ క్యాపుల రేకు డబ్బా లేబుల్‌తో సహా ఉంటే ఆ పెట్టెను ఎవరూ ఎక్కువ కదపలేదని అర్థం.

తూటాల రకం అయితే తక్కువ: జాయింట్లతో మూడు ముక్కల క్లీనింగ్ రాడ్, దాని కొసలకి బిగించే బ్రష్, ఉన్ని, గుడ్డ చుట్టే జాగ్. నూనె సీసా, స్నాప్ క్యాపులు (ట్రిగ్గర్ నొక్కి చూడటానికి పెట్టే ఉత్తుత్తి తూటాలు), చెక్క పిడుల స్క్రూడ్రైవర్లు, విడి స్ట్రైకర్ల (తూటాని కొట్టే సూదుల) చిన్న డబ్బా. బ్లాక్ పౌడర్ ఎక్స్‌ప్రెస్ అయితే తూటాలు తిరిగి నింపుకునే పనిముట్లు, గుండు అచ్చు కూడా ఉండేవి. అడవిలో దుకాణం ఉండదు కదా. అచ్చుని ఎక్కువమంది పట్టించుకోరు. కానీ ఈ తుపాకీని ఏ గుండుకి సరిచేశారో చెప్పే సాక్ష్యం అదే, మీద కొలత కూడా చెక్కి ఉండొచ్చు.

పెట్టె ఓక్ చెక్కది, పైన తోలు, మూలలకి ఇత్తడి. లోపల ఎర్రటి లేదా ఆకుపచ్చ బనాతు. గొట్టాలకీ, బట్‌కీ, సామానుకీ వేర్వేరు గదులు. మూత లోపల దుకాణం కాగితం. ఓడల, రైళ్ల చీటీలు, యజమాని పేరు తొలి అక్షరాలు బయట ఉంటే వాటిని గీకేయకండి. అవి పెట్టె చరిత్ర.

పెట్టె తుపాకీదేనా, తర్వాత జతచేశారా? ఎలా తెలుస్తుంది?

బనాతుని చూడండి. వంద ఏళ్లు ఒకే చోట పడుకున్న తుపాకీ ఆ బనాతు మీద తన ఆకారం ముద్రిస్తుంది: హ్యామర్ల దగ్గర నొక్కుడు, గొట్టాల నూనె మరక. మీ తుపాకీకీ ఆ ముద్రకీ పొంతన లేకపోతే అనుమానించాలి. గది పొడవులో ఖాళీ ఉండి చెక్కముక్క కొత్తగా దూర్చారా? కాగితం మీది చిరునామా, గొట్టం మీది చిరునామా ఒకే కాలానివా? పర్డీ దుకాణం 1880ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ వదిలి సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌లో ఆడ్లీ హౌస్‌కి మారింది. 1870ల తుపాకీ పెట్టెలో ఆడ్లీ హౌస్ కాగితం ఉంటే ఏదో జరిగింది. మోసమే కానక్కర్లేదు, రిపేరుకి వెళ్లినప్పుడు కొత్త కాగితం అతికించి ఉండొచ్చు.

ఏ ఏడాదిదో తెలుసుకోవడం ఎలా?

ముందు సీరియల్ నంబరు రాసుకోండి. ట్రిగ్గర్ గార్డ్ వెనక, గొట్టాల అడుగున, ముందుచెక్క ఇనుము మీద, మూడు చోట్లా ఒకటే ఉండాలి. పెద్ద కంపెనీల్లో చాలావాటి పాత లెడ్జర్లు మిగిలి ఉన్నాయి. రుసుము కడితే ఎవరి కోసం, ఏ ఏడాది, ఏ కొలతతో చేశారో ఉత్తరం రాసిస్తారు. మీ ఇంటిపేరో, మీ సంస్థానం పేరో అందులో ఉంటే అంతకంటే మంచి రుజువు లేదు.

తర్వాత ప్రూఫ్ ముద్రలు. బ్రిటన్‌లో గొట్టాన్ని మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించి ముద్ర వేయడం చట్టం. లండన్ గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో చార్టర్ దక్కింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో చట్టంతో ఏర్పడింది. కిరీటం కింద అక్షరాలు, అడ్డంగా పెట్టిన రాజదండాలు, ఇలా ఒక్కో కాలానికి ఒక్కో ముద్ర. కార్డైట్ అనే మాట, పక్కన మందు, గుండు బరువులు ఉంటే అది నైట్రో కాలానిది.

ఇంకో ఆనవాలు: 1883లో ఒక లండన్ వేట పత్రిక జరిపిన రైఫిల్ పోటీల్లో అన్ని తరగతులూ హాలండ్ అండ్ హాలండే గెలిచింది. ఆ గెలుపు సంగతిని గొట్టం మీద చెక్కించడం మొదలుపెట్టారు. అది ఉంటే 1883 తర్వాతిదే.

నకిలీలు ఉంటాయా?

ఉంటాయి, ఇండియాలో బోలెడు. బెల్జియంలోని లీజ్ ఊళ్లో చేసిన చవక తుపాకీల మీద ఇంగ్లిష్ పేరుకి దగ్గరగా ఉండే పేర్లు చెక్కేవాళ్లు. ‘డబ్ల్యూ. రిచర్డ్స్’ అని ఉంటే వెస్ట్లీ రిచర్డ్స్ అనుకుని మురిసిపోకండి. గొట్టాల అడుగున కోడిగుడ్డు ఆకారంలో గీత, లోపల ఇ, ఎల్, జి అక్షరాలు ఉంటే అది లీజ్ ప్రూఫ్ ముద్ర. చేతిపనే మంచిదైతే అది కూడా దాచుకోదగ్గదే. ధర మాత్రం వేరు.

లోపల మందు ఉందేమో తెలుసుకోవడం ఎలా?

ఉందనే అనుకుని మొదలుపెట్టండి. మూతినుంచి నింపే పాత తుపాకీల్లో ఎప్పుడో దట్టించిన మందు, గుండు అలాగే ఉండిపోవడం అరుదేమీ కాదు. తడి తగలని బ్లాక్ పౌడర్ వంద ఏళ్లయినా పేలుతుంది. హ్యామర్ ఎత్తకండి, నిపిల్ మీద కొట్టకండి, దగ్గర దీపం పెట్టకండి. మూతి మనుషులవైపు లేకుండా ఉంచి, సన్నటి చెక్క కర్రని మెల్లిగా లోపలికి దించి, ఎంత దిగిందో బయట గొట్టం పొడవుతో సరిచూడండి. కొన్ని అంగుళాలు తక్కువైతే అక్కడితో ఆగిపోయి లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌ని పిలవండి. యూట్యూబ్ చూసి గుండు బయటికి లాగే ప్రయత్నం వద్దు.

తుప్పు పట్టింది. పాలిష్ చేయించి మెరిపిస్తే?

దయచేసి వద్దు. ఆ గోధుమ రంగు, మాసిన చెక్కుడు పనే దాని విలువ. బ్రాసో, ఇసుక కాగితం తగిలితే చెక్కుడు అంచులు చదునైపోతాయి, ఇనుము, ఉక్కు మెలేసి చేసిన డమాస్కస్ గొట్టం అలల గీత చెరిగిపోతుంది. మెత్తటి గుడ్డ, కాసింత పల్చటి నూనె చాలు. నూనె ఎక్కువైతే లాక్‌లోంచి అక్రోట్ చెక్కలోకి ఇంకి చెక్క మెత్తబడుతుంది. మూతి కిందికి ఉండేలా నిలబెట్టి ఉంచేది అందుకే.

ఇంకొకటి, పెట్టెలో పెట్టి మూసేయకండి! విశాఖ, కాకినాడ గాలిలో బనాతు, తోలు తేమని పీల్చుకుంటాయి. వానాకాలం ముగిసేసరికి గొట్టం మీద తుప్పు చుక్కలు, తోలు మీద బూజు. తుపాకీని విడిగా భద్రపరిచి, పెట్టెని గోడకీ నేలకీ తగలకుండా, చెదలు చేరని చోట ఉంచండి.

పేల్చి చూడొచ్చా?

వద్దు. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కడం కూడా వద్దు, స్ట్రైకర్లు విరుగుతాయి. బ్లాక్ పౌడర్ గొట్టంలో ఈనాటి నైట్రో తూటా వేస్తే చేయి పోతుంది.

ఇండియాలో ఇంట్లో ఉంచుకోవడం నేరమా?

ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 45 (సి) ప్రకారం పాతబడిన, పురాతన విలువున్న, లేదా పాడైపోయిన ఆయుధానికి మినహాయింపు ఉంది. కానీ షరతు చూడండి: రిపేరు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. మంచి డబుల్ రైఫిల్ వందేళ్ల తర్వాత కూడా పేలుతుంది, కాబట్టి ఈ మినహాయింపు దానికి మామూలుగా దొరకదు. 2020లో క్యూరియో (వింతగా దాచుకునే పాత వస్తువు) కోవలోకి వచ్చే చిన్న ఆయుధాల విషయంలో నిబంధనలు కొంత సడలాయి. అయినా వాడటానికీ, మోసుకెళ్లడానికీ లైసెన్స్ కావాలి. మీది ఆ కోవలోకి వస్తుందని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి.

లైసెన్స్ ఉన్న పెద్దవాళ్లు పోతే, వారసులు దాన్ని సెక్షన్ 21 కింద పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్స్ ఉన్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి, రసీదు తీసుకుని, తమ పేరు మీదికి మార్చమని దరఖాస్తు చేయాలి. దరఖాస్తు కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్‌కి, జిల్లాల్లో కలెక్టర్‌కి. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకీలే పరిమితి. ‘ఎవరికీ తెలియదులే’ అని అటక మీద దాచడం కంటే పెద్ద టెన్షన్ ఇంకోటి లేదు.

విదేశీ వేలానికి పంపొచ్చా? అమెరికాలో ఉన్న మా అబ్బాయి తీసుకెళ్తానంటున్నాడు.

ఇక్కడినుంచి పంపడం కుదరదు. వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువు అవుతుంది. ప్రైవేటు వ్యక్తులు దాన్ని ఎగుమతి చేయకూడదు. సామానులో ఏనుగు దంతం పిడులు ఉంటే వన్యప్రాణి చట్టం గొడవ అదనం.

మీ అబ్బాయి అక్కడే కొనుక్కుంటే వేరే సంగతి. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898 లేదా అంతకుముందు చేసినది యాంటిక్. రాష్ట్రాల చట్టాలు విడిగా చూసుకోవాలి. బ్రిటన్‌లో అలంకారం కోసం ఉంచుకునే యాంటిక్‌లకి 1968 చట్టం సెక్షన్ 58 మినహాయింపు ఇస్తుంది. అయితే ఏయే పాత తూటా కొలతలకి అది వర్తిస్తుందో 2021 నిబంధనల్లో జాబితా ఉంది. నైట్రో ఎక్స్‌ప్రెస్ కొలతలు కొన్ని ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి వయసు ఒక్కటే చూసుకుంటే సరిపోదు.

తెలుగు నేల మీద వీటి జాడ ఎక్కడ?

హైదరాబాద్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో దిట్ట. రాజా దీన్‌దయాళ్ తీసిన వేట ఫొటోలు చూడండి, గుడారాలు, ఏనుగులు, చచ్చిన పులి, పక్కన రైఫిళ్లు పట్టుకున్న మనుషులు. 1902లో వరంగల్ దగ్గర నెక్కొండలో వైస్రాయి కర్జన్ దంపతులు పులి పక్కన నిలబడ్డ ఫొటో ఆయన స్టూడియోదే. ఆ ఫొటోలు చూస్తే నాకు సంబరం కంటే ఇబ్బందే ఎక్కువ. ఆ అడవుల్లో పులులు ఎలా తరిగిపోయాయో తెలుసు కనుక. తుపాకీ పనితనాన్ని మెచ్చుకుంటూనే అది ఏం చేసిందో చెప్పాలి. వస్తువులు చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి వెళ్లండి.

ధర ఎంత వస్తుంది?

ఫొటో చూసి చెప్పేవాళ్లని నమ్మకండి. తయారీదారు, కొలత, గొట్టం లోపలి గాడుల పదును, మొదటి రంగు మిగిలి ఉందా, నంబర్లు కలుస్తున్నాయా, లెడ్జర్ ఉత్తరం ఉందా, ఇవన్నీ కలిస్తేనే ధర. ఇండియాలో లైసెన్స్ ఉన్నవాళ్లకే అమ్మాలి కాబట్టి లండన్ వేలం ధరలు ఇక్కడ వర్తించవు.

అచ్చు, ఫ్లాస్క్, స్క్రూడ్రైవర్లు విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందంటున్నారు. నిజమా?

ఒక్కోసారి నిజమే. ఫ్లాస్కులు మాత్రమే సేకరించేవాళ్లు, లేబుళ్లు మాత్రమే సేకరించేవాళ్లు ఉన్నారు. వ్యాపారులు ముందు వాటినే అడుగుతారు. కానీ అచ్చు పోతే ఆ తుపాకీకి ఏ గుండు సరిపోతుందో చెప్పేది ఉండదు. కాగితం ఉన్న మూత పోతే ఎంత మందో తెలియదు. తప్పనిసరై అమ్మాల్సి వస్తే ముందు అన్నింటినీ పెట్టెలో వాటి వాటి గదుల్లో పెట్టి ఫొటోలు తీయండి, మూతలోని కాగితాన్ని చదవగలిగేంత దగ్గరగా తీయండి, అచ్చు మీది అంకెల్ని, ప్రూఫ్ ముద్రల్ని, సీరియల్ నంబరుని కాగితం మీద రాసి ఆ కాపీని తుపాకీతోపాటు ఇవ్వండి.